'ది వేవ్స్' చదవడం – రెండో పాఠం: పేరు మూసి గొంతు పట్టడం

పోయిన పాఠంలో ఇచ్చిన పనిని ముందు సరిచూసుకుందాం. వర్జీనియా వుల్ఫ్ నవల 'ది వేవ్స్'లో ఒక్కో భాగం ముందు వాలు అక్షరాల్లో అచ్చయిన సముద్ర వర్ణనలు మాత్రమే చదివి, ఒక్కోదానిలో సూర్యుడు ఎక్కడున్నాడో రాసుకోమన్నాం. లెక్క తొమ్మిది రావాలి. మొదటిదానిలో ఇంకా పొద్దు పొడవలేదు, ఐదోదానిలో నడినెత్తికి వచ్చాడు, తొమ్మిదోదానిలో కుంకిపోయాడు. పది వచ్చినవాళ్లు పుస్తకం చిట్టచివర ఉన్న ఒంటి వాక్యాన్ని, అలలు ఒడ్డున విరిగిపడే ఆ వాక్యాన్ని, కూడా కలిపేసి ఉంటారు. తప్పేం లేదు గానీ దానికి పట్టికలో వేరే గడి ఇవ్వకండి. ఆ పట్టిక ఇవాళ కూడా పక్కనే ఉండాలి. పేజీ నంబర్లు ప్రచురణను బట్టి మారతాయి కాబట్టి ఇకమీదట 'రెండో భాగం', 'ఐదో భాగం' అని ఈ తొమ్మిదింటి లెక్కనే చెప్తాం.

పుస్తకం ఇంకా దొరకనివాళ్లకు ఒక మాట. వర్జీనియా వుల్ఫ్ 1941లో చనిపోయారు. మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. అంటే 2002 నుంచి మూలపాఠం ఇక్కడ అందరిదీ. మొదటి రెండు భాగాలు మార్జిన్ వెడల్పుగా వదిలి తిరుపతిలో ఏ జెరాక్స్ కొట్లోనైనా ప్రింటు తీయించుకోవచ్చు. కొత్త ప్రచురణల్లో పండితులు రాసే ముందుమాటలు, వివరణలు మాత్రం వాళ్ల సొత్తు, వాటి జోలికి పోవద్దు. ఈ పాఠం అయ్యేదాకా ముందుమాట చదవకపోతేనే మేలు కూడా.

1931లో వచ్చిన ఈ నవలలో ఆరుగురు మాట్లాడతారు: బెర్నార్డ్, సూసన్, రోడా, నెవిల్, జిన్నీ, లూయిస్. చిన్నపిల్లలుగా మొదలై పెద్దవయసు దాకా వస్తారు. ఏడోవాడు పెర్సివల్ గురించి అందరూ మాట్లాడతారు, అతను మాత్రం నోరు విప్పడు. అతని మాట ఎక్కడుందా అని వెతకొద్దు.

చాలామంది పది పేజీలకే పుస్తకం మూసేస్తారు. కారణం, ఆరుగురిదీ ఒకటే భాష. పసిపిల్లాడి నోటా, నడివయసు ఆఫీసు మనిషి నోటా ఒకే తూకంలో వాక్యం నడుస్తుంది. ఊతపదాలు లేవు, యాస లేదు. మాటతీరును బట్టి మనిషిని పోల్చుకోవడం మనకు అలవాటు, ఇక్కడ ఆ అలవాటు అక్కరకు రాదు. దీన్ని చైతన్య స్రవంతి అని క్లాసుల్లో ఒక్కమాటలో తేల్చేస్తుంటారు. మాకైతే ఆ పేరు దీనికి కుదిరినట్టు అనిపించదు. చైతన్య స్రవంతిలో ఆలోచన తెగుతుంది, దారి తప్పుతుంది, తడబడుతుంది. వీళ్లు తడబడరు, నిలబడి చాటుతారు. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం ఆడేటప్పుడు, వేషం తెర దాటి వచ్చి ప్రవేశ దరువులో తానెవరో చెప్పుకుంటుంది కదా. దానికి పక్క వేషం జవాబివ్వాలని ఎవరూ ఎదురుచూడరు. ఈ పుస్తకంలో పదేపదే వచ్చే 'సెడ్' (said, అంటే 'అన్నాడు') అనే మాటను ఆ చెవితో వినండి. బెర్నార్డ్ అన్నాడంటే పక్కవాడితో అన్నాడని కాదు.

మరి మనిషిని దేన్ని బట్టి పట్టుకోవాలి? వాళ్ల కంటికీ చెవికీ ఏం తగులుతుందో, అది మళ్లీ మళ్లీ ఎక్కడ తేలుతుందో, దాన్ని బట్టి. మొదటి భాగంలో తొలి ఆరు మాటలు చూడండి. బెర్నార్డ్‌కు తలపైన వేలాడే వెలుగు ఉంగరం కనిపిస్తుంది. సూసన్‌కు లేత పసుపు పలక పరుచుకుంటూ పోయి ఊదా చారను కలుస్తుంది. రోడాకు పైకీ కిందికీ పోయే పిట్టకూత వినిపిస్తుంది. నెవిల్‌కు కొండ పక్కగా బొట్టులా వేలాడే గోళం. జిన్నీకి బంగారు దారాలు పెనవేసిన ఎర్రటి కుచ్చు. లూయిస్ మాత్రం గొలుసుతో కట్టేసిన పెద్ద మృగం కాలు నేలకేసి కొట్టే చప్పుడు వింటాడు. ఆ చప్పుడు అతన్ని పుస్తకం పొడవునా వదలదు. ఈ ఆరు వాక్యాలనూ గట్టిగా చదవండి. కళ్లతో చదివితే అర్థం కోసం తొందరపడతాం, నోటితో చదివితే లయ తెలుస్తుంది. కథను బట్టి కాదు, లయను బట్టి రాస్తున్నానని వుల్ఫ్ 1930లో తన డైరీలో రాసుకున్నారు.

ఇక పని. ఆరు రంగుల పెన్సిళ్లు, ఒక నోటుబుక్కులో మనిషికొక పేజీ. ఒక్కో పేజీలో మూడు గళ్లు గీయండి: ఏం పట్టుకుంటారు, దేనికి జంకుతారు, ఎవరివైపు చూస్తారు. మొదటి భాగాన్ని రెండు విడతలుగా, విడతకు ముప్పావు గంట చొప్పున చదవండి. రంగు వేయాల్సింది తిరిగి వచ్చే వస్తువులకే. నచ్చిన వాక్యానికల్లా గీత పెడితే మూడో రోజుకు పేజీ అంతా రంగే, ఏదీ అగపడదు.

మొదటి భాగంలో గళ్లలోకి తప్పక చేరాల్సినవి ఇవి. కంచె దగ్గర కదలకుండా నిలబడ్డ లూయిస్ మెడ మీద జిన్నీ ముద్దు పెడుతుంది. జిన్నీ పేజీలో 'కదలిక', లూయిస్ పేజీలో 'వేళ్లు, నేల లోతు' అని రాయండి. అది చూసిన సూసన్ చేతిరుమాలును ఉండ చుట్టి చెట్లలోకి పరుగెడుతుంది. ప్రేమ, ద్వేషం రెండే ఆమెకు తెలిసినవి. ఆమె వెనకే పోయి మాటలతో ఊరడించేది బెర్నార్డ్. అతని పేజీలో 'పదబంధాలు, కథలు' అని వేయండి. రోడా ఒంటరిగా తొట్టిలో పూరేకులను ఓడలుగా తేలుస్తుంటుంది. ఒక మనిషి గొంతు తెగి చనిపోయిన సంగతి నెవిల్ చాటుగా విని, ఆపిల్ చెట్టు దగ్గర కాలు ముందుకు పడక ఆగిపోతాడు. స్నానం వేళ పిల్లలకు నీళ్లు పోసే మిసెస్ కానస్టబుల్ నెత్తిన పిండిన స్పాంజి నీళ్లు బెర్నార్డ్ వెన్ను వెంట జారతాయి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ వదలకండి, తొమ్మిదో భాగంలో దీన్ని అతనే మళ్లీ ఎత్తుతాడు.

పొరపాట్లు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. మొదటిది కొటేషన్ గుర్తు. ఒకరి మాట నాలుగు పేరాలు సాగితే ప్రతి పేరా మొదట్లో గుర్తు తెరుచుకుంటుంది, మూసుకునేది చివరి పేరాలోనే. పేరా మారింది కదా అని మనిషి మారాడనుకుంటే రెండో భాగం మొత్తం కలగాపులగం అవుతుంది. చదవబోయే ముందే మార్జిన్‌లో పేరు రాసుకుంటూ పోవడమే దీనికి మందు. రెండోది నెవిల్‌నూ లూయిస్‌నూ కలిపేయడం. ఇద్దరూ పుస్తకాల మనుషులే, ఇద్దరూ గుంపుకు దూరమే. తండ్రి బ్రిస్బేన్‌లో బ్యాంకరు, తన యాస గురించి సిగ్గు, నైలు నది ఒడ్డున కుండలు మోసే ఆడవాళ్లు అంటే లూయిస్. రోమన్ కవులు, క్రమం, పెర్సివల్ మీద ప్రేమ అంటే నెవిల్. మూడోది సూసన్, రోడా. పొలమూ మట్టీ వస్తే సూసన్. నీళ్లు వస్తే రోడా, ముఖ్యంగా దాటలేక ఆగిపోయిన నీటిగుంట.

ఇప్పుడు పరీక్ష. రెండో భాగంలో ఎక్కడైనా పది పేరాలు ఎంచుకోండి. పేరున్న చోట కాగితం ముక్క అడ్డం పెట్టమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఆరు సరిగా చెప్తే ముందుకు పోవచ్చు. నాలుగుకు తగ్గితే నోటుబుక్కులో మొదటి గడి పలచగా ఉందన్నమాట, మొదటి భాగం మళ్లీ తిరగేయండి.

ఈ కసరత్తు ఎందుకో నాలుగో భాగంలో తెలుస్తుంది. ఇండియాకు పోతున్న పెర్సివల్‌కు లండన్ హోటల్లో వీడ్కోలు భోజనం. అక్కడ ఒకచోట ఇండియాలో దిగబడ్డ ఎద్దులబండి వస్తుంది. గుర్రమెక్కిన పెర్సివల్ పడమటి పద్ధతులతో, నాలుగు తిట్లతో అయిదు నిమిషాల్లోపే బండిని సరిచేస్తాడు, ప్రాచ్య సమస్య తీరిపోతుంది, జనం అతన్ని దేవుడిలా చూస్తారు. బండి చక్రం బురదలోంచి లేపడం ఎంత పనో తెలిసిన మన పాఠకులకు ఇక్కడ ఒళ్లు మండుతుంది. మండనివ్వండి, కానీ వుల్ఫ్ మీదికి పోయేముందు పేరు మూసి గొంతు పట్టండి. నున్నగా ముగిసే చిట్టికథ, చూడని చోటు గురించి తడుముకోని వాక్యాలు: బెర్నార్డ్ తప్ప మరొకరు కాదు. అయిదు నిమిషాల్లో తీరే సమస్యను మేమైతే వెక్కిరింతగానే చదువుతాం. ఆ వెంటనే ఐదో భాగం తెరిచి చూడండి. పైన సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. కింద నెవిల్ మొదటి మాటలోనే పెర్సివల్ చావు కబురు, గుర్రం తడబడి పడిపోయాడని. బెర్నార్డ్ కథలో అంత దర్జాగా ఎక్కించిన గుర్రం నుంచే.

వచ్చే పాఠానికి రాయాల్సింది: తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గర ఆరుగురినీ నిలబెట్టి, ఒక్కొక్కరికి ఒక్క వాక్యం, వర్తమాన కాలంలో. 'ఎంత ప్రశాంతంగా ఉంది' లాంటి వాక్యం ఎవరికీ ఇవ్వొద్దు, అది ఆరుగురిలో ఎవరిదైనా కావచ్చు. జిన్నీకి కదిలే చేతిగాజు రంగు, లూయిస్‌కు మెట్టు రాయి కింద మెట్టు రాయి, నెవిల్‌కు గుంపులో ఒకే ఒక ముఖం. మిగతా మూడూ మీరే పట్టుకోండి. దాంతోపాటు మూడో భాగం చదివి రండి. అక్కడ బెర్నార్డ్, నెవిల్ కాలేజీలో ఉంటారు, గుమాస్తా అయిన లూయిస్ లండన్‌లో ఒక భోజనశాలలో. అతని పేజీలో రెండో గడి ఇక అక్కడే నిండుతుంది.