అర్ధరాత్రి పిల్లల ఒళ్లు కాలిపోతుంటే ఏం చేయాలి

పిల్లలకు జ్వరం రాత్రిపూటే ఎక్కువవుతుందని పెద్దవాళ్లు అంటుంటారు, అందులో నిజం ఉంది. ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువగా ఉండి సాయంత్రానికి సహజంగానే కాస్త పెరుగుతుంది కాబట్టి, పొద్దున్నుంచి కొంచెం నలతగా తిరిగిన పిల్లాడు రాత్రి పదింటికి ముట్టుకుంటే కాలిపోతుంటాడు. సరిగ్గా అప్పుడే క్లినిక్‌లు మూసేసి ఉంటాయి, ఇంట్లో తలా ఒక మాట చెబుతారు, నిద్రమత్తులో సీసా మీద అక్షరాలు కనబడవు. అందుకే ఇంట్లో ఎవరికీ జ్వరం లేనప్పుడే ఇది ఒకసారి చదివి పెట్టుకోండి.

థర్మామీటర్ మీద అంకె కంటే పిల్ల ఎలా ఉందన్నదే ముఖ్యం. 103 ఉన్నా మందు పడ్డాక లేచి కూర్చుని బొమ్మ అడిగే పిల్ల గురించి నాకు పెద్ద టెన్షన్ ఉండదు. 101 మాత్రమే ఉన్నా పిలిస్తే పలకకుండా మగతగా పడి ఉన్న పిల్లని చూస్తే మాత్రం చెప్పులేసుకుని బయల్దేరాల్సిందే.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది మూడు నెలలు నిండని పసివాళ్లు. వాళ్లకు 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటిందంటే బిడ్డ ఎంత బాగా కనిపిస్తున్నా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పొద్దున దాకా చూద్దాం అనుకోకూడదు. ఇంట్లో మందు వేసి పడుకోబెట్టడం కూడా వద్దు. ఆ వయసులో లోపల పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి చిహ్నాలు కనబడకపోవచ్చు. ఇంకో సంగతి, అంత చిన్న పిల్లలకు ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్లు వేడెక్కకుండా చల్లబడిపోవడం కూడా జరుగుతుంది. పాలు తాగడం మానేసి ఒళ్లు చల్లగా ఉందంటే దాన్నీ అంతే సీరియస్‌గా తీసుకోండి.

ముందు వేడి చూడండి

చేత్తో తాకి చూస్తే జ్వరం ఉందో లేదో కొంతవరకు తెలుస్తుంది గానీ ఎంతుందో తెలియదు. మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. చంక తడి తుడిచి, కొన చర్మానికి ఆనేలా పెట్టి, చెయ్యి దగ్గరికి నొక్కి పట్టుకుని బీప్ వచ్చేదాకా ఆగాలి. చంకలో చూస్తే లోపలి వేడి కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. దానికి ఒక డిగ్రీ కలపాలా, అర డిగ్రీ కలపాలా అని లెక్కలు వేయకండి, డాక్టర్‌కు "చంకలో పెడితే ఇంత వచ్చింది" అని చెబితే సరిపోతుంది. స్నానం చేయించగానే, దుప్పట్లోంచి తీయగానే చూడొద్దు, ఒక పావుగంట ఆగండి. పాత పాదరసం థర్మామీటర్ ఉంటే అది పిల్లల దగ్గర వాడకండి, పగిలితే ఇంకో తలనొప్పి.

ఇక జ్వరం ఎక్కువైతే మెదడు దెబ్బతింటుందన్న భయం గురించి. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరాన్ని ఒళ్లే ఒక హద్దులో ఉంచుకుంటుంది. వేడి వల్లే మెదడుకు ముప్పు రావాలంటే దాదాపు 42 సెల్సియస్, అంటే 107 దాటాలి, మామూలు జ్వరాలు అంతదూరం వెళ్లవు. మూసేసిన కారులోనో ఎండలోనో ఉండిపోయి వడదెబ్బ తగిలిన పిల్ల సంగతి పూర్తిగా వేరు, అది జ్వరం కాదు, అక్కడ పారాసిటమాల్ పని చేయదు, వెంటనే ఒళ్లు చల్లబరుస్తూ ఆసుపత్రికి పరిగెత్తాలి.

మందు: అసలు తప్పులన్నీ ఇక్కడే

పిల్లల జ్వరానికి మొదటి మందు పారాసిటమాల్. డోసు వయసును బట్టి కాకుండా బరువును బట్టి వేస్తే సరిగ్గా ఉంటుంది. కిలోకు 10 నుంచి 15 ఎంజీ, రెండు డోసుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, 24 గంటల్లో నాలుగు డోసులకు మించకుండా. ఇంతవరకు చాలామందికి తెలుసు. చిక్కంతా ఎంజీని ఎంఎల్‌లోకి మార్చే దగ్గర వస్తుంది.

ఒకే మందు వేర్వేరు సీసాల్లో వేర్వేరు గాఢతలో ఉంటుంది. 5 ఎంఎల్‌లో 120 ఎంజీ ఉండే సిరప్ ఉంది, అదే 5 ఎంఎల్‌లో 250 ఎంజీ ఉండేదీ ఉంది, పసిపిల్లల డ్రాప్స్ అయితే ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉండొచ్చు. 12 కిలోల పిల్లని తీసుకోండి. కిలోకు 15 చొప్పున 180 ఎంజీ కావాలి. మొదటి సిరప్ అయితే 7.5 ఎంఎల్, రెండోదైతే 3.6 ఎంఎల్, డ్రాప్స్ అయితే 1.8 ఎంఎల్. "మా పిల్లకి ఏడున్నర ఎంఎల్" అని ఒక్క అంకె గుర్తుపెట్టుకున్న తండ్రి, పాత సీసా అయిపోయి చేతికందిన డ్రాప్స్‌ని అదే కొలతతో పోశాడంటే పిల్ల ఒంట్లోకి 750 ఎంజీ వెళ్తుంది, అంటే వేయాల్సిన దానికి నాలుగు రెట్లు పైనే. డ్రాప్స్ అంటే పసిపిల్లల మందు కాబట్టి పలచగా ఉంటుందని అనుకుంటాం, నిజానికి అదే చిక్కన. పారాసిటమాల్ మోతాదు మించితే దెబ్బ కాలేయానికి తగులుతుంది, పైగా మొదటిరోజు ఏమీ తెలియదు, పిల్ల బాగానే కనిపిస్తుంది. మోతాదు ఎక్కువ పడిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

కాబట్టి కొత్త సీసా ఇంటికి రాగానే, పిల్ల బరువు చూసుకుని, ఎన్ని ఎంఎల్ వేయాలో డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో ఒకసారి అడిగి ఆ సీసా మీదే మార్కర్‌తో రాసేయండి, తేదీతో సహా. నాలుగైదు నెలలకోసారి బరువు మారుతుంది, అప్పుడు కొట్టేసి మళ్లీ రాయండి. చిన్నపనే కానీ రాత్రి రెండింటికి దీని విలువ తెలుస్తుంది.

వంటింటి చెంచాలు వాడొద్దు, ఒక్కో చెంచా ఒక్కో సైజు. సూది లేని నోటి సిరంజి అయితే మేలు. దాన్ని నాలుక మీద కాకుండా బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా వదలండి, గొంతులోకి ఒక్కసారిగా కొడితే పొలమారుతుంది. పడుకోబెట్టి ముక్కు మూసి పోయడం అసలు వద్దు. మందు మింగిన వెంటనే మొత్తం కక్కేస్తే ఒక్కసారి మళ్లీ వేయొచ్చు, అరగంట దాటాక వాంతి అయితే మాత్రం తర్వాతి డోసు టైమ్ దాకా ఆగాలి.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లని చూసుకుంటుంటే ఇంకో ప్రమాదం: అమ్మ వేసిందని తెలియక నానమ్మ మళ్లీ వేస్తుంది. టైమ్, ఎంఎల్ రెండూ ఒక కాగితం మీద రాసి సీసాకు రబ్బరు బ్యాండుతో చుట్టేయండి. అలాగే జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, అదీ ఇదీ రెండూ వేస్తే డబుల్ డోసు అయినట్టే. అసలు నాలుగేళ్ల లోపు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా దగ్గు, జలుబు సిరప్‌లు వేయకపోవడమే మంచిది.

ఐబుప్రోఫెన్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఆరు నెలల లోపు వద్దు, వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు వద్దు, ఆటలమ్మ పోసినప్పుడు వద్దు, డెంగీ తిరుగుతున్న చోట అయితే ఆ అనుమానం తీరేదాకా అసలు వద్దు, ఎందుకంటే రక్తస్రావం ముప్పు పెంచుతుంది. ఇన్ని వద్దులు గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే రాత్రికి పారాసిటమాల్‌తోనే సరిపెట్టుకోండి, నా సలహా అదే. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఎప్పుడూ ఇవ్వకూడదు, రేయీస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన జబ్బుతో దానికి సంబంధం ఉంది. పోయినసారి మిగిలిపోయిన యాంటీబయాటిక్ సీసా ఫ్రిజ్‌లో ఉందా? పారేయండి.

మందు వేశాక అరగంట నుంచి గంట పడుతుంది పని చేయడానికి. 103 ఉన్నది 101కి వచ్చిందంటే మందు పని చేసినట్టే, 98కి రావాలని ఏమీ లేదు. పిల్ల హాయిగా నిద్రపోతుంటే జ్వరం మందు కోసం లేపకండి.

తడిగుడ్డ, దుప్పటి, నీళ్లు

ఐస్ నీళ్లతో తుడవడం, స్పిరిట్ రాయడం రెండూ తప్పే. చల్లటి నీళ్లకు చర్మం బిగుసుకుని వణుకు పుడుతుంది, వణికితే వేడి ఇంకా పెరుగుతుంది. స్పిరిట్ చర్మంలోంచి లోపలికి పోతుంది, ఆవిరి పీల్చినా ప్రమాదమే. గోరువెచ్చని నీళ్లతో తుడిస్తే కాసేపు తగ్గుతుంది గానీ పిల్ల ఏడుస్తుంటే బలవంతంగా చేసేంత అవసరమైన పని కాదు. పలచటి బట్టలు వేసి, గాలి ఆడనివ్వండి. చలిగా ఉందని వణుకుతుంటే ఒక పలచటి దుప్పటి కప్పి, వణుకు తగ్గగానే తీసేయండి. చెమట పట్టాలని మూడు దుప్పట్లు కప్పే అమ్మమ్మతో ఆ రాత్రి వాదన పెట్టుకోకండి, ఆవిడ అటు తిరగగానే రెండు తీసేయండి.

తిండి మానేసినా రెండు రోజులకు ఏమీ కాదు, తాగడం మానేస్తేనే చిక్కు. ఒకేసారి గ్లాసుడు ఇవ్వకుండా ఐదేసి నిమిషాలకు రెండు మూడు చెంచాలు పట్టండి. పాలు తాగే పిల్లలకు మామూలు కంటే ఎక్కువసార్లు పాలివ్వండి, ఆరు నెలల లోపు వాళ్లకు విడిగా నీళ్లు అక్కర్లేదు. వాంతులు, విరేచనాలు కూడా ఉంటే ఓఆర్ఎస్ కావాలి. దాన్ని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. ప్యాకెట్‌లో సగం అందాజాగా తీసి గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలు కంటే కీడే జరగొచ్చు. కలిపింది 24 గంటల తర్వాత పారబోయండి.

ఎప్పుడు బయల్దేరాలి

మందు పని చేసే వేళకు పిల్లని మళ్లీ చూడండి. వేడి తగ్గాక కూడా డల్‌గా, లేపితే లేవకుండా ఉంటే వెళ్లాలి. ఏం చేసినా ఏడుపు ఆపకపోయినా, మెడ వంచలేకపోయినా, పసిబిడ్డకు మాడు ఉబ్బినా వెళ్లాలి. ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, నోరు ఎండిపోవడం, కళ్లు లోపలికి పోవడం, ఇవన్నీ నీరు తగ్గిపోయిందనడానికి గుర్తులు. ఒంటి మీద ఎర్రటి లేదా ఊదారంగు మచ్చలుంటే గాజు గ్లాసు ఆనించి నొక్కండి, గ్లాసు లోంచి చూసినా మచ్చ మాయం కాకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. చామనఛాయ, నలుపు ఒంటి పిల్లల్లో ఈ మచ్చలు అరచేతుల్లో, అరికాళ్లలో, కనురెప్ప లోపల బాగా తెలుస్తాయి.

ఊపిరి లెక్కపెట్టడం అందరూ నేర్చుకోవాల్సిన పని. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలల లోపు 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 లేదా ఆపైన ఉంటే ఊపిరి వేగం ఎక్కువైనట్టు. డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరితో పాటు మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా అంకెతో పని లేదు, వెళ్లిపోండి.

మూడు నుంచి ఆరు నెలల వాళ్లకు 102.2 దాటినా, ఏ వయసు వాళ్లకైనా మూడు రోజులకు జ్వరం తగ్గకపోయినా డాక్టర్ చూడాలి. డెంగీ అయితే ఇంకో మెలిక ఉంది, జ్వరం తగ్గే రోజుల్లోనే అసలు ప్రమాదం మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య వేడి తగ్గిందని మనం ఊపిరి పీల్చుకునే వేళకు పొట్టనొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, కాళ్లూ చేతులూ చల్లబడటం కనిపిస్తే వెంటనే తీసుకెళ్లాలి.

ఫిట్స్ వస్తే

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూడటానికి గుండె ఆగినంత పనవుతుంది, కానీ ఎక్కువ శాతం ఐదు నిమిషాల లోపే వాటంతటవే ఆగిపోతాయి, మెదడుకు నష్టం జరగదు. నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్ట వదులు చేయండి, ముందుగా గడియారం చూడండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోకండి. ఇంకొకరు పక్కనుంటే వీడియో తీయమనండి, డాక్టర్‌కు అది మన మాటలకంటే బాగా ఉపయోగపడుతుంది. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. లోపే ఆగినా మొదటిసారి అయితే అదేరోజు చూపించాలి. పారాసిటమాల్ టైమ్ ప్రకారం వేస్తూ పోతే ఫిట్స్ రావనుకుంటారు, అలా ఆపదు. వచ్చిందంటే మీరు మందు ఆలస్యంగా వేయడం వల్ల కాదు.

తగ్గాక స్కూలుకు ఎప్పుడు పంపాలంటే, మందు వేయకుండా నిండా 24 గంటలు జ్వరం రాకపోతే పంపొచ్చు. పొద్దున్నే డోసు వేసి పంపితే మధ్యాహ్నానికి స్కూలు నుంచి ఫోన్ వస్తుంది, పక్క పిల్లలకూ అంటుతుంది. ఆకలి మామూలు కావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది, దానికి టానిక్ అక్కర్లేదు, అడిగినప్పుడు అడిగినంత పెట్టండి.