ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు ఎలా చేయాలి? స్థానికత దగ్గరే అసలు చిక్కు

తెలంగాణలో ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు ఏటా ఈపాస్ (ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) దరఖాస్తులు నింపిస్తుంటాను. అన్ని అర్హతలూ ఉన్న పిల్లవాడి దరఖాస్తు ఒక్క కాగితం వల్ల ఆగిపోతే చూడలేను. అందుకే ఇంత చెబుతున్నాను.

ముందు అర్హత. సీటు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా వచ్చి ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్లకు ఈ పథకం వర్తించదు. బీసీ, ఈబీసీ కుటుంబాల వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు దాటకూడదు. వీరికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆపైన 35 వేల రూపాయల వరకు వస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు మెలిక లేదు.

మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాలు తీసుకోండి. ఆదాయ పత్రం ఈ ఏడాదిదే కావాలి. ఆధార్‌లోని పేరు, పదో తరగతి మెమోలోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరునే, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి.

ఇక స్థానికత. ఇక్కడ తొందరపడకండి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది లెక్క. ఇంజినీరింగ్‌కు అర్హత పరీక్ష ఇంటర్ కాబట్టి ఆ నాలుగేళ్లు తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఇంట్లో వాళ్లు ఎక్కడ పుట్టారు, ఓటు ఎక్కడుంది అన్నవి పనికిరావు. 2014లో 1956కు ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలకే ఫీజు ఇచ్చేలా పథకం తేవాలని చూసిన ప్రభుత్వమే దాన్ని వదులుకోవాల్సి వచ్చింది.

చాలామంది తహసీల్దారు ఇచ్చే నివాస పత్రం జతచేసి పని అయిపోయిందనుకుంటారు. అది ఆ నాలుగేళ్లలో ఏ విద్యాసంస్థలోనూ చదవని వారికోసం. బడికి వెళ్లిన పిల్లలకు స్టడీ సర్టిఫికెట్టే ఆధారం. ఇంటర్ కోసం పిల్లల్ని విజయవాడ పంపాలనుకునే తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే ఈ లెక్క చూసుకోవాలి. తెలంగాణ వైద్య సీట్ల విషయంలో తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఇక్కడే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

లెక్క నాలుగేళ్లదే అయినా, స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఆరో తరగతి నుంచి తెచ్చుకోవాలి, తొమ్మిది నుంచి కాదు. కౌన్సెలింగ్‌లోనూ అవే అడుగుతారు. చేతికి అందగానే బడి ఆఫీసులోనే నిలబడి చదవండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు ఒకే బడిలో చదివితే గుమాస్తా తొందరలో ‘2019 నుంచి 2021 వరకు’ అని రాసిస్తాడు. అది చూసేవారికి రెండేళ్లే. ‘2019-20, 2020-21, 2021-22’ అని తరగతికొక వరుసగా రాయించుకోండి. సంతకం, ముద్ర, అడ్మిషన్ నంబరు లేకుండా గడప దాటకండి. బడి మూతపడి ఉంటే రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి.

దరఖాస్తును నెట్ సెంటర్‌కు అప్పగించకండి. అక్కడ వరుసలో ఉన్న పదిమందిలో మీరొకరు, మీ బడి పేర్లు వారికి తెలియవు. ఇంట్లో సర్టిఫికెట్లు ముందు పరుచుకుని, ఏ ఏడాది ఏ బడో ఒక కాగితంపై రాసుకుని, అది చూస్తూ నింపాలి.

ప్రింటు తీసి పత్రాలతో కాలేజీలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. హాజరు 75 శాతం తగ్గనివ్వకండి. వచ్చే ఏడాది రెన్యువల్ కాబట్టి దరఖాస్తు నంబరు భద్రం.