స్మార్ట్ హోమ్ డివైస్‌ల బ్యాటరీ అయిపోకముందే ఫోన్‌కు అలర్ట్ రావాలంటే ఏం చేయాలి?

తాళంచెవి మోసే బాధ తప్పిందని మా బాబాయి స్మార్ట్ లాక్ పెట్టించుకుని తెగ మురిసిపోయాడు. ఒకరోజు పెళ్లి నుంచి రాత్రి పదకొండున్నరకు తిరిగొస్తే కీప్యాడ్ వెలగలేదు. అసలు తాళంచెవేమో భద్రంగా లోపల బీరువాలో ఉంది. కింద ఉన్న పిన్నులకు 9 వోల్టుల బ్యాటరీ తాకిస్తే తెరుచుకునే లాకే, కానీ ఆ వేళ ఏ కొట్టు తీసి ఉంటుంది? యాప్ వారం నుంచి అలర్ట్ పంపుతూనే ఉందట, దసరా ఆఫర్, దీపావళి ఆఫర్ అంటూ చంపుతోందని నోటిఫికేషన్లన్నీ ఆయనే ఆపేసుకున్నాడు.

అందుకే కంపెనీకో యాప్‌ను నమ్ముకోవద్దు అంటాను. తప్పదంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ నోటిఫికేషన్లు రకాలవారీగా కనిపిస్తున్నాయేమో చూసి, ఆఫర్లవి మాత్రమే ఆపండి. నేను మాత్రం అన్నిటినీ హోమ్ అసిస్టెంట్‌లోకి తెస్తాను, అది వేర్వేరు కంపెనీల డివైస్‌లను ఒకేచోట నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. పాత ల్యాప్‌టాప్ గానీ రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ గానీ, ఒక జిగ్‌బీ డాంగిల్ (సెన్సర్లతో వైర్ లేకుండా మాట్లాడే, యూఎస్‌బీకి పెట్టే పరికరం), ఫోన్‌లో హోమ్ అసిస్టెంట్ యాప్ ఉంటే చాలు.

ముందు ప్రతి డివైస్‌కూ మనిషికి అర్థమయ్యే పేరు పెట్టండి, పేరులోనే బ్యాటరీ రకం కూడా రాయండి. 'వంటగది లీక్ సెన్సర్, సీఆర్2032' అని అలర్ట్ వస్తే నేరుగా కొట్టుకెళ్లొచ్చు, లేకపోతే స్టూలెక్కి మూత తీసి చూడాలి. సీఆర్2032, సీఆర్2450 అనే బిళ్ల బ్యాటరీలు రెండూ 3 వోల్టులవే, సైజే వేరు, ఒకదాని బదులు ఇంకోటి పట్టదు.

తర్వాత హోమ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో ఆటోమేషన్స్‌కు (ఫలానాది జరిగితే ఫలానా పని చెయ్ అనే నియమాలు) వెళ్లి కొత్తది మొదలుపెట్టండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

'బ్యాటరీ 20 శాతం కన్నా తగ్గితే చెప్పు' అని ట్రిగ్గర్ (ఆటోమేషన్‌ను కదిలించే షరతు) పెట్టి చేతులు దులుపుకుంటారు. ఆ ట్రిగ్గర్ మోగేది 20 గీత దాటి కిందికి దిగిన క్షణంలో ఒక్కసారే. మీరు ఆటోమేషన్ పెట్టే సమయానికే సెన్సర్ 15లో ఉంటే మోగదు. మోగినప్పుడు మీరు మీటింగ్‌లో ఉండి పక్కకు తోసేస్తే మళ్లీ గుర్తు చేయదు.

ఇంకో చిక్కు బిళ్ల బ్యాటరీలతో. చాలా సెన్సర్లు వోల్టేజీ చూసి శాతం లెక్కేస్తాయి. లిథియం బిళ్లలో వోల్టేజీ చివరిదాకా పెద్దగా తగ్గదు, తగ్గడం మొదలైతే ఒక్కసారిగా పడిపోతుంది. నెలల తరబడి 100 చూపించి, 20 అని చెప్పే తీరిక కూడా లేకుండా చచ్చిపోయే సెన్సర్లున్నాయి. చచ్చిన సెన్సర్ 'నేను చచ్చాను' అని చెప్పదు కదా, తెర మీద పాత అంకె అలాగే ఉండిపోతుంది.

కాబట్టి ట్రిగ్గర్‌గా సమయం పెట్టండి: రోజూ సాయంత్రం 7. పొద్దున్నే వద్దు, ఆఫీసు హడావిడిలో ఎవడూ పట్టించుకోడు, సాయంత్రమైతే కొట్లు తీసి ఉంటాయి. ఆ సమయానికి బ్యాటరీ సెన్సర్లన్నిటినీ చూసి, 20 కన్నా తక్కువున్నవీ, అసలు అందుబాటులో లేనివీ, రెండూ కలిపి ఒకే జాబితాగా పంపాలి. ఇలాంటి పని చేసే రెడీమేడ్ బ్లూప్రింట్లు (వేరేవాళ్లు రాసిపెట్టిన ఆటోమేషన్ నమూనాలు) ఉన్నాయి, దించుకోండి. లాక్‌కు మాత్రం విడిగా 40 పెట్టండి, దీని మీద బేరాల్లేవు.

'అందుబాటులో లేదు' అన్నది సరిగ్గా తెలియాలంటే, జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీ (జిగ్‌బీ సెన్సర్లను హోమ్ అసిస్టెంట్‌కు కలిపే ప్రోగ్రాం) వాడేవాళ్లు అవైలబిలిటీ ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. బ్యాటరీ సెన్సర్ మామూలుగా 25 గంటలు ఉలకకపోతే అది పోయినట్టు లెక్క. అదే పని చేసే జెడ్‌హెచ్ఏలో అది 6 గంటలు.

కొందరు ఇవన్నీ ఎందుకు, ఏటా ఉగాదికి బ్యాటరీలన్నీ మార్చేస్తే సరి అంటారు. నిండా ప్రాణమున్న బిళ్లల్ని పారేయడం, మధ్యలో పోయేవాటిని పట్టుకోలేకపోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు టెస్ట్. 20 బదులు 101 పెట్టి ఆటోమేషన్ ఒకసారి నడపండి. ఇంట్లో ఉన్న ప్రతి బ్యాటరీ డివైస్ పేరూ రావాలి, వేళ్లతో లెక్కపెట్టండి. రానిదేదైనా ఉంటే దానికి శాతం చెప్పే అలవాటు లేదన్నమాట, బ్యాటరీ బాగుందా లేదా అని మాత్రమే చెబుతుంది, దాన్ని విడిగా కలపాలి. మీ ఫోన్లు కూడా ఈ జాబితాలో దూరతాయి, వాటిని తీసేయకపోతే ఫోన్ చార్జింగ్ తగ్గిన ప్రతి సాయంత్రం అదే గోల. అయ్యాక 101ని మళ్లీ 20 చేయడం మరిచిపోకండి, నేను రెండుసార్లు మరిచాను.

బ్యాటరీ మార్చాక తెర మీద అంకె వెంటనే మారలేదని టెన్షన్ పడకండి. సెన్సర్ బటన్ ఒకసారి నొక్కి లేపండి, అప్పటికీ మారకపోతే రేపటిదాకా ఆగండి. పాత బిళ్లను మాత్రం చిన్నపిల్లలకు అందేచోట పెట్టొద్దు, మింగితే చాలా ప్రమాదం. కొత్తవున్న డ్రాయర్‌లోనూ వేయొద్దు. మా ఇంట్లో అలా కలిసిపోయి, ఒకే సెన్సర్‌కు ఒకే సాయంత్రం మూడు చచ్చిన బిళ్లలు మార్చాం.