శ్రావణం ప్రోగ్రాములకు బయల్దేరే ముందు: మూడో పిన్ను జోలికి వెళ్ళొద్దు

ఆషాఢం అయిపోవచ్చింది. శ్రావణం పెళ్ళిళ్ళకి, ఆ వెంటనే వచ్చే వినాయక చవితి పందిళ్ళకి అడ్వాన్సులు పుచ్చుకోవడం మొదలైంది. మా చుట్టుపక్కల ఆర్కెస్ట్రా వాళ్ళందరి ఫోన్లూ మోగుతున్నాయి. ఇలాంటప్పుడు పోయిన వారం ఒక కబురు వచ్చింది. ఊరికి దూరంగా ఒక మామిడితోటలో పుట్టినరోజు ఫంక్షన్. సాయంత్రం జల్లు పడి వెలిసింది. రెండో పాట అందుకున్న కుర్రాడు ఒక చేత్తో గిటారు మెడ పట్టుకుని, పెదవులు మైకుకి ఆనించగానే వెనక్కి విరుచుకు పడిపోయాడు. ఎవరో పరుగెత్తి జనరేటర్ ఆపారు కాబట్టి బతికాడు. ఆసుపత్రికి వెళ్ళి చూసి వచ్చాను. ఎడమ అరచేతిలో తీగల అచ్చులు వరసగా కాలి ఉన్నాయి. వాడికి 22 ఏళ్ళు.

వాళ్ళ సౌండ్ చూసే అబ్బాయిని పక్కకి పిలిచి ఒకటే అడిగాను: "గిటారు ఆంప్లిఫయర్ ప్లగ్గుకి మూడో పిన్ను ఉందా?" తల దించుకున్నాడు. "హమ్మింగ్ వస్తుంటే తీసేశాం అన్నా, సంక్రాంతి ప్రోగ్రాంలో."

సంక్రాంతికి తీసిన పిన్ను. మధ్యలో ఎన్ని ప్రోగ్రాములు చేశారో, ఎంతమంది ఆ గిటారు పట్టుకున్నారో లెక్క లేదు. ఆంప్లిఫయర్ లోపలికి తడి చేరిన రోజు దాకా ఎవరికీ ఏమీ కాలేదు.

24 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదట గిటారు వాయించాను, ఇప్పుడు సౌండ్ చూస్తున్నాను. నాతోపాటు మొదలుపెట్టిన స్నేహితుడు ఒకడు ఇదే తప్పుకి పోయాడు, పొలం గట్టున వేసిన స్టేజి మీద, నా కళ్ళ ముందు. అందుకే తడి చేత్తో స్విచ్చులు ముట్టుకోవద్దు, తెగిన వైరు తొక్కొద్దు లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి మీకు తెలుసు. తెలిసి కూడా అందరం చేసే తప్పు గురించే రాస్తున్నాను.

మూడో పిన్ను ఎందుకు

ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్త్ పిన్ను. ఆంప్లిఫయర్ బాడీ, దానికి తగిలించిన గిటారు తీగలు ఆ పిన్నుతోనే భూమికి కలుస్తాయి. మిక్సర్ బాడీ, మైకు జాలీ కూడా అంతే. లోపల వైరుని ఎలుక కొరికో, తడి చేరో ఫేజు (కరెంటు వచ్చే తీగ) బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు కరెంటు ఆ దారిన పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్త్ లేకపోతే పైకి ఏమీ తెలియదు. పాట వినిపిస్తూనే ఉంటుంది, 230 వోల్టులు గిటారు తీగల మీద ఉంటాయి. పక్కనే మిక్సర్‌కి ఎర్త్ సరిగ్గా ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే మైకు జాలీ భూమితో సమానం. చేతిలో ఫేజు, పెదవి దగ్గర ఎర్త్, మధ్యలో పాడేవాడి గుండె.

ఇది మన ఊళ్ళ వైరింగు వల్ల మాత్రమే వచ్చేది కాదు. స్టోన్ ది క్రోస్ అనే బ్రిటన్ బ్యాండులో గిటారిస్టు లెస్లీ హార్వే 1972 మే 3న స్వాన్సీలో ప్రేక్షకుల ఎదుటే, ఎర్త్ లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్‌లో పాడిన కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లో గిటారు వాయిస్తూ షాక్ తగిలి పోయాడు. 50 ఏళ్ళు దాటింది. మనం ఇంకా అదే పిన్ను కోస్తున్నాం.

ఎందుకు కోస్తామో నాకు తెలుసు. స్టేజి ఎక్కగానే బాక్సుల్లోంచి గుయ్‌మని రొద. కింద జనం ఈలలు. పెళ్ళికొడుకు బాబాయి వచ్చి "ఏంటయ్యా ఈ సౌండు" అంటాడు. ఎవరో ఒక టూ పిన్ అడాప్టర్ తెచ్చి పెడతారు, లేదా ప్లయర్‌తో పిన్ను లాగేస్తారు. రొద ఆగిపోతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ రాత్రి గడిచాక ఆ పిన్ను సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆ ప్లగ్గు అలాగే బ్యాగులోకి వెళ్ళి, వచ్చే ప్రోగ్రాంకి అలాగే బయటికి వస్తుంది.

రొద వచ్చేది ఎర్త్ ఉన్నందుకు కాదు, ఎర్త్‌కి రెండు దారులు ఉన్నందుకు. గిటారు ఆంప్లిఫయర్‌కి స్టేజి పక్కనున్న బోర్డు, మిక్సర్‌కి వంద అడుగుల అవతల ఇంకో బోర్డు అయితే రెండు ఎర్త్‌ల మధ్య ఆడియో కేబుల్ షీల్డు (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) వంతెన అయి, ఆ 50 హెర్ట్జ్ మోత బాక్సుల్లోకి ఎక్కుతుంది. కాబట్టి ముందు అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి. లైట్లకి, డిమ్మర్లకి వేరే లైను అడగండి. ఆడియో కేబుళ్ళు, కరెంటు వైర్లు కలిపి కట్ట కట్టొద్దు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. కేబుల్ మార్చి చూడండి. గిటారుకి, కీబోర్డుకి డీఐ బాక్సు (వాటి సౌండుని మిక్సర్‌కి అందించే చిన్న పెట్టె) పెట్టి అందులో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది ఆడియో షీల్డుని విడదీస్తుంది కానీ కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. మంచి డీఐ బాక్సు ఒక ప్రోగ్రాంలో మన వాటాకి వచ్చే డబ్బుతో వస్తుంది.

ఇవన్నీ చేసినా రొద పోకపోతే, రొదతోనే వాయించండి. మూడో పిన్ను మాత్రం తీయొద్దు.

ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు) ఉంది కదా అని ధైర్యం చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. ఆంపియర్‌లో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్. పది, పదిహేను మిల్లీ ఆంపియర్లకే చెయ్యి బిగుసుకుపోయి వదిలించుకోలేం. వంద మిల్లీ ఆంపియర్ల దగ్గర గుండె లయ తప్పుతుంది. అంటే ఆ ఎంసీబీకి ఏమీ తెలియకుండానే మనిషి పోతాడు. మనకి కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. అది బిగించిన బోర్డు ఒకటి సొంతంగా చేయించుకుని ప్రతి ప్రోగ్రాంకీ తీసుకెళ్ళండి. స్టేజి కరెంటు మొత్తం దాని గుండానే రావాలి. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ ప్రతిసారీ నొక్కి చూడండి, పడిపోకపోతే ఆ బోర్డు వాడొద్దు.

తోటలో కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది

కల్యాణ మండపాల్లో ఇంత భయం లేదు. ఫామ్ హౌసులు, తోటలు, చెరువు గట్లు, పొలంలో వేసిన షామియానాలు, వీటి సంగతి వేరు. "కరెంటు ఉందండీ, మీరు రండి" అని ఫోనులో చెప్తారు. వెళ్ళి చూస్తే మోటారు షెడ్డు స్టార్టర్ బాక్సులోంచి రెండు వైర్లు లాగి ఉంటాయి. అక్కడ ఫేజులు మూడు ఉంటాయి కానీ చాలాచోట్ల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) ఉండదు. అందుకని ఒక ఫేజు, భూమిలో దిగ్గొట్టిన రాడ్డు కలిపి లైట్లు వెలిగిస్తారు. ఆ రాడ్డునే మన ఎర్త్‌కి కూడా కలిపారంటే, లైట్ల కరెంటు మొత్తం మన ఆంప్లిఫయర్ బాడీని కలిపిన రాడ్డు మీదుగా పోతోందని అర్థం. రాడ్డు దగ్గర వైరు ఊడిన క్షణం అన్ని బాడీలకీ ఫేజు వచ్చేస్తుంది. అలాంటి కనెక్షన్ మీద మా పార్టీ వాయించదు. జనరేటర్ తెప్పించమంటాను, లేకపోతే కీబోర్డు, తబలా, బ్యాటరీ మైకుతో సరిపెడతాను. ఒకసారి అలాగే రెండు గంటలు పాడాం, ఎవరూ డబ్బు తగ్గించలేదు.

లైను తీగకి కొక్కెం వేసి దొంగతనంగా లాగిన కరెంటైతే వ్యాన్ దించకుండానే వెనక్కి తిరగండి.

జనరేటర్ వచ్చినా చూడాల్సింది ఉంది. దాని న్యూట్రల్‌ని బాడీకి, బాడీని భూమిలో రాడ్డుకి కలిపి ఉండాలి. న్యూట్రల్ గాల్లో వదిలేసిన జనరేటర్ మీద ఆర్‌సీసీబీ ఉన్నా, ఫేజు బాడీకి తగిలినప్పుడు అది పడదు. రాడ్డు చుట్టూ నేల తడిగా ఉండాలి, ఇసుకలో గుచ్చితే లాభం లేదు. త్రీ ఫేజు జనరేటర్‌లో న్యూట్రల్ ఊడితే ఒక ఫేజు మీద వోల్టేజి 400 దగ్గరకి లేచి ఆంప్లిఫయర్లు, కీబోర్డు అడాప్టర్లు ఒకేసారి కాలిపోతాయి. ముందు బోర్డులో మల్టీమీటరు పెట్టి వోల్టేజి చూసి, తర్వాతే మన సామాను తగిలించండి.

ఇంక పాడేవాళ్ళు మైకు ముట్టుకునే ముందు చేయాల్సింది. మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి, మీటరు వైర్లలో ఒకటి మైకు జాలీకి, ఇంకోటి గిటారు తీగలకి ఆనించండి. సున్నా దగ్గర ఉండాలి. 20, 30 చూపించినా అది ఎక్కణ్ణుంచి వస్తోందో దొరికేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు. ప్రతి మైకుకీ చూడండి. వాన పడి వెలిస్తే మళ్ళీ చూడండి. నిమిషం పని. మైకు జాలీ మీద స్పాంజి తొడుగు వేయండి. గిటారు వాయిస్తూ పాడేవాళ్ళకి వీలైతే కార్డ్‌లెస్ మైకు ఇవ్వండి, అప్పుడు మైకు నుంచి మిక్సర్‌కి తీగే ఉండదు.

ఇవి కూడా

- స్టేజి ఎక్కేముందు మొక్కి చెప్పులు విప్పడం మన అలవాటు. నేనూ మొక్కుతాను. మొక్కండి, తర్వాత రబ్బరు చెప్పులు వేసుకోండి, లేదా మైకు స్టాండు కింద రబ్బరు షీటు పరిచి దాని మీద నిలబడండి. ఇనప స్టేజి మీద తడి కాళ్ళతో పాడొద్దు.
- కొబ్బరికాయ స్టేజి కింద కొట్టించండి. నీళ్ళు జంక్షన్ బోర్డులోకి కారడం కళ్ళారా చూశాను.
- పైన తీగలు చూడండి. లైటింగ్ స్తంభాలు, ఫ్లెక్సీ ఫ్రేములు లేపే ముందు తల ఎత్తి చూడండి. తూర్పు గోదావరి జిల్లా తాడిపర్రులో 2024 నవంబరులో ఫ్లెక్సీ కడుతూ నలుగురు పోయారు. హైదరాబాద్ రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి తీగ తగిలి ఐదుగురు పోయారు. పొలాల్లో 11 కేవీ (11 వేల వోల్టుల) తీగలు వేలాడుతూ ఉంటాయి. దాని కింద స్టేజి వేస్తే వేరేచోటికి మార్చమనండి. మార్చకపోతే ఎక్కొద్దు.
- జాయింటు వైర్లు నేల మీద వదలొద్దు. ఇటుకల మీదో కుర్చీల మీదో ఎత్తి పెట్టండి.
- జనరేటర్ గదిలో పెట్టొద్దు, షెడ్డులో పెట్టి తలుపు వేయొద్దు. ఆ పొగకి మనుషులు నిద్రలోనే పోతారు.
- నడుస్తున్న జనరేటర్‌లో డీజిల్ పోయొద్దు.
- చీకట్లో జనరేటర్ దగ్గరకి టార్చి, బూట్లు లేకుండా వెళ్ళొద్దు. ఇది పాముల కాలం.
- టార్పాలిన్ మీద నీళ్ళు బొజ్జలా నిలిస్తే కింద ఉండొద్దు. కర్రతో పొడవడానికి వెళ్ళేది మన మనిషి కాకూడదు.
- ఉరుము వినపడిందా, ఆపండి. అన్నీ ప్లగ్గులోంచి తీసి, వ్యాన్‌లో కూర్చోండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఫోనులో పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ పెట్టుకోండి.
- "ఒక్క పాటే" అని తాగి వచ్చి మైకు లాక్కునేవాళ్ళకి సౌండు తగ్గించండి, గొడవ పడొద్దు. గ్లాసు మిక్సర్ మీద పెట్టనివ్వొద్దు.
- కేకు దగ్గర కొట్టే స్నో స్ప్రేకి మంట అంటుకుంటుంది. కొవ్వొత్తులు, కూల్ పైరో (స్టేజి మీద నిప్పురవ్వలు చిమ్మే యంత్రం) ఉన్నచోట వద్దని చెప్పండి. స్టేజి మీద అసలు వద్దు.
- పాడే అమ్మాయిలకి గొళ్ళెం ఉన్న గది, తిరుగు ప్రయాణం, అడ్వాన్సు రోజే మాట్లాడండి.
- రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లకి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఒప్పుకోవు. "మావాళ్ళు చూసుకుంటారు" అన్నవాళ్ళు పోలీసులు వచ్చేసరికి కనపడరు. సామాను పోయేది మనది.
- మిగతా డబ్బు ఆఖరి పాటకి ముందే.
- తెల్లవారుజామున 3 గంటలకి బండి నడిపే మనిషి స్టేజి మీద వాయించినవాడు కాకూడదు. డ్రైవర్ నిద్రపోయాడో లేదో సాయంత్రమే అడగండి.
- మైకు "చిమచిమ అంటోంది" అని పాడేవాళ్ళు చెప్తే నవ్వొద్దు, "టెన్షన్ పడకు" అనొద్దు. ఆపండి. నా స్నేహితుడు రెండుసార్లు చెప్పాడు.
- మూడో పిన్ను తీయొద్దు.
- షామియానా వాళ్ళ కుర్రాడు తీసేస్తే అతన్నీ ఆపండి.

షాక్ కొడితే

మనిషిని పట్టుకోవద్దు. ముందు కరెంటు ఆపండి. జనరేటర్ దగ్గర పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఒక మనిషి నిలబడి ఉండాలి, అతనికి ఇంకో పని చెప్పొద్దు. కరెంటు ఆపడం కుదరకపోతే ఎండిన కర్రతో వైరు తప్పించండి. ఊపిరి లేకపోతే అరచేతులు, అరికాళ్ళు రుద్దుతూ కూర్చోవద్దు. ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి, ఐదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండండి. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. ఒక్కరు 108కి ఫోను చేయండి. తోటలకి అడ్రసు ఉండదు కాబట్టి ఊరు, మండలం, మెయిన్ రోడ్డు మీద గుర్తు, వెళ్ళగానే కాగితం మీద రాసి మిక్సర్‌కి అంటించండి. ఒకరిని బైకు మీద మెయిన్ రోడ్డుకి పంపండి, అంబులెన్స్‌ని తీసుకొచ్చేది అతనే. లేచి కూర్చుని "ఏం లేదు, బాగానే ఉన్నా" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించండి.

ఇవాళ రిహార్సల్‌కి వెళ్ళగానే వైర్ల బ్యాగు నేల మీద గుమ్మరించండి. ఆంప్లిఫయర్, మిక్సర్, పవర్డ్ బాక్సులు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఒక్కొక్క ప్లగ్గు చేత్తో పట్టుకుని పిన్నులు లెక్కపెట్టండి. మూడు ఉండాల్సినచోట రెండే ఉంటే దాన్ని పక్కన పెట్టొద్దు, రేపు చూద్దాం అనుకోవద్దు. వైరు దగ్గర కోసి, కొత్త ప్లగ్గు వేసి, లోపల ఆకుపచ్చ తీగ బిగిసి ఉందో లేదో విప్పి చూడండి. ఆ టూ పిన్ అడాప్టర్లు నాలుగో ఐదో దొరుకుతాయి. వాటిని రాయి పెట్టి పగలగొట్టండి.