బర్గండీ రెడ్: ఇప్పుడు తెరవాలా, దాచాలా?

2012లో ఫ్రాన్స్ బర్గండీ ప్రాంతపు వోల్నే ఊరి ప్రీమియర్ క్రూ (పైనుంచి రెండో శ్రేణి తోటలది) రెడ్ వైన్ ఆరు సీసాలు కొన్నాను, 2010 పంటది. అదే ప్రాంతంలోని డిజోన్‌లో మా అపార్ట్‌మెంట్ కింద సెల్లార్ ఉంది, ఏడాదంతా 13 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఐదు సీసాలు అక్కడ పడుకోబెట్టాను. ఒకటి మాత్రం చేతికందుతుందని వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టాను. రెండు ఎండాకాలాలు పోయాక చూస్తే కార్క్ పైకి పొడుచుకొచ్చింది, వైన్ ఉడికిన ఎండుద్రాక్ష వాసన కొట్టింది. ఇప్పటికీ ఆ సీసా తలచుకుంటే బాధే. హైదరాబాద్ ఎండల్లో బీరువాలో దాచినా అదే గతి. చల్లని చోటు లేకపోతే కొన్న ఏడాదిలోపే తాగేయండి.

రుచి చూడాలంటే పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గ్లాసులో మూడోవంతు పోయండి. వైన్ 15, 16 డిగ్రీల్లో ఉండాలి. రంగు పలచగా ఉందని తీసిపారేయకండి, ఈ వైన్ చేసే పీనో న్వార్ ద్రాక్ష తొక్కే పలచన. గ్లాసు వంచి అంచు చూడండి, ఇటుక రంగు తిరిగితే వయసొచ్చినట్టు. లేత వైన్‌లో చెర్రీ, రాస్ప్‌బెర్రీ, గులాబీ వాసనలుంటాయి. ముదిరినదాంట్లో వానకు తడిసిన ఆకులు, పుట్టగొడుగులు, తోలు.

అసలు సంగతి నోట్లో తెలుస్తుంది. నేరేడుపండు తిన్నాక చిగుళ్లు పట్టేస్తాయి చూడండి, ఆ వగరే టానిన్. దాంతోపాటు నోరూరించే పులుపు ఉండాలి, రెంటి మధ్యా పండు రుచి నిలబడాలి. మింగాక ఆ రుచి ఎంతసేపుంటుందో లెక్కపెట్టండి. నాలుగైదు సెకన్లకే పోతే దాచి లాభం లేదు. వగరు మాత్రమే మిగిలి పండు రుచి పోయినా అంతే.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష ఇంకోటుంది. సగం తాగి, కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మళ్లీ చూడండి. రుచి ఇంకా విచ్చుకుంటే ఆ వైన్‌కి ఏళ్లున్నాయి. నీరుగారిపోతే మిగతా సీసాలు త్వరగా తెరిచేయండి.

మామూలుగా ఊరి పేరుతో వచ్చే వైన్‌కి 5–8 ఏళ్లు, మంచి ప్రీమియర్ క్రూకి 8–15, అన్నిటికన్నా పై శ్రేణి గ్రాండ్ క్రూకి 20 దాకా ఇవ్వొచ్చు. పంటను బట్టి మారుతుంది. 2003లో వడగాడ్పులు, పులుపు తగ్గింది. 2010లో పులుపు బాగా పడింది, అందుకే దాచాను.

మధ్యలో ఒక దశ వస్తుంది, వైన్ ముడుచుకుపోతుంది. 2016లో తెరిచిన సీసాలో వాసనే లేదు, పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. 2021లో అదే వైన్ మొదటి గ్లాసులో బెట్టు చేసి, నలభై నిమిషాలకి గులాబీ రేకులూ తడిమట్టీ కలిసిన వాసన వదిలింది. మాటలాపేసి ఇద్దరం గ్లాసులే పట్టుకుని కూర్చున్నాం. అందుకే ఒక్క సీసా కొనకండి, కనీసం మూడు కొనండి.

పాత సీసా తెరిచే ముందురోజే నిలబెట్టండి, మడ్డి అడుక్కి దిగుతుంది. వంచిన సీసాను మళ్లీ ఎత్తకుండా నిదానంగా పోయండి. మెడ దగ్గరికి మడ్డి రాగానే ఆపేయండి.