కొత్త బ్యాండు ఆల్బమ్‌ను వరుస తప్పకుండా వినడానికి

హుషారైన ఇండీ పాప్ బ్యాండు పాట ఒకటి అనుకోకుండా చెవిన పడి, ఆల్బమ్ మొత్తం విందామని కూర్చుంటే, పాటల వరుసను యాప్ కలగాపులగం చేసి, చివరకు మరెవరి పాటలలోకో తీసుకుపోవడం చాలామందికి అనుభవమే.

ముందుగా పాటల వరుసను మార్చేసే షఫుల్, ఆల్బమ్ ముగియగానే వేరే పాటలు మొదలుపెట్టే ఆటోప్లే రెండింటినీ ఆపివేసి, ఒక పాట చివరను తరువాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను 0 సెకన్లకు తగ్గించాలి. ఆ తరువాత ఆల్బమ్‌ను ఫోనులోకి దించుకొని, మొదటి పాట నుంచి వరుసగా వినాలి. ఈ తరహా ఆల్బములు చాలావరకు 35 నుంచి 45 నిమిషాలలో ముగుస్తాయి కనుక ఒక సాయంకాలపు నడకకు సరిపోతాయి. క్రాస్‌ఫేడ్ తీసేశాక, గిటారు చివరి మోత పూర్తిగా సద్దుమణిగి, క్షణంపాటు నిశ్శబ్దం నిలిచి, ఆపైన డ్రమ్ముల దరువూ చప్పట్లూ ఒక్కసారిగా అందుకోవడం నాకు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. వినైల్ రికార్డులో ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలే పడుతుంది, ఆల్బమ్ అక్కడ రెండు సగాలవుతుంది కాబట్టి, తీరిక లేనివారు సగంలో ఆపి మరునాడు కొనసాగించినా ఇబ్బంది లేదు.

అయితే డీలక్స్ ఎడిషన్లలో అసలు ఆల్బమ్ వెనుక డెమోలు (పాటల తొలి నమూనా రికార్డింగులు), రీమిక్సులు (పాటలను మార్చి కూర్చిన రూపాలు) చేర్చి ఉంటాయి కనుక, మొదటి విడుదలలో ఎన్ని పాటలున్నాయో చూసుకొని అక్కడ ఆపకపోతే ఈ పద్ధతి ఫలించదు.