ఉన్నట్టుండి పడిపోయే ఏఆర్ఎం బోర్డు: కెర్నల్‌కు తెలియని 32 ఎంబీ

1 జీబీ మెమరీ ఉన్న 64 బిట్ల ఏఆర్ఎం బోర్డు (ఫోన్లలో ఉండే తరహా ప్రాసెసర్‌తో పనిచేసే చిన్న కంప్యూటర్). లినక్స్ చక్కగానే బూట్ అయ్యేది, పెద్ద ఫైలు కాపీ చేస్తే మాత్రం కుప్పకూలేది. ర్యామ్ పరీక్ష, కొత్త కెర్నల్ (లినక్స్ ప్రధాన భాగం), వేరే పవర్ అడాప్టర్, ఏవీ పనిచేయలేదు.

ముందుగా కెర్నల్ కమాండ్ లైన్‌లో, అంటే బూట్ సమయంలో కెర్నల్‌కు ఇచ్చే సూచనల్లో, ‘మెమ్‌బ్లాక్=డీబగ్’ చేర్చాను. బూట్ లాగ్‌లో, రిజర్వ్ చేసిన (ఎవరికీ పంచకుండా పక్కన పెట్టిన) మెమరీ భాగాల జాబితా వచ్చింది. కెర్నల్ ఇమేజ్ ఉంది, డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్ వివరాలను కెర్నల్‌కు చెప్పే పట్టిక) ఉంది. సెక్యూర్ ఫర్మ్‌వేర్ (లినక్స్‌కు అందకుండా విడిగా నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) వాడుకుంటున్న చివరి 32 ఎంబీ లేదు! కెర్నల్ దాన్ని ఖాళీ స్థలమనుకుని అందరికీ పంచిపెడుతోంది.

తర్వాత డివైస్ ట్రీలో ‘రిజర్వ్‌డ్-మెమరీ’ నోడ్ (ఒక విభాగం) రాసి, దాని లోపలి నోడ్‌లో ఆ 32 ఎంబీ చిరునామా, పరిమాణం ఇచ్చాను. అయినా ఫలితం లేదు. లాగ్ మళ్లీ చదివితే, నోడ్ రూపం సరిగా లేదని, పట్టించుకోవడం లేదని ఒకే ఒక్క వరుస కనిపించింది. ‘రిజర్వ్‌డ్-మెమరీ’ నోడ్‌లో విలువేమీ లేని ‘రేంజెస్’ ప్రాపర్టీ తప్పనిసరి. చిరునామా, పరిమాణాల సెల్ సంఖ్యలు (ఒక్కోదాన్ని ఎన్ని 32 బిట్ల అంకెలతో రాయాలో చెప్పేవి) కూడా డివైస్ ట్రీలో అన్నిటికీ పైనున్న రూట్ నోడ్‌తో సరిపోవాలి. దయచేసి ఇది మరచిపోకండి, నాకు రెండు రోజులు పోయాయి.

చివరగా లోపలి నోడ్‌కు ‘నో-మ్యాప్’ చేర్చాను. అది లేకపోతే స్థలం రిజర్వ్ అయినా కెర్నల్ పేజీ టేబుళ్లలో (ప్రాసెసర్ ఏ మెమరీని చేరుకోగలదో చెప్పే పట్టికల్లో) మ్యాప్ అయ్యే ఉంటుంది, ప్రాసెసర్ ముందస్తుగా చదివే ప్రమాదం ఉంటుంది. రీబూట్ చేసి, రూట్ యూజర్‌గా (అన్ని అనుమతులున్న ఖాతాతో) మెమరీ పంపకం చూపే ‘/ప్రాక్/ఐఓమెమ్’ ఫైలు చూస్తే ఆ భాగం సిస్టమ్ ర్యామ్ నుంచి విడిగా ‘రిజర్వ్‌డ్’ అని కనిపించింది.

వారం రోజులుగా ఒక్కసారీ పడిపోలేదు. మీ బోర్డులో కారణం వేరే కావచ్చు. ఎక్స్86 యంత్రాల్లో (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్న మామూలు పీసీల్లో) మెమరీ పటం సాధారణంగా ఫర్మ్‌వేరే ఇస్తుంది, అక్కడ ఈ పద్ధతి వర్తించదు.